బ్రేడీ తనే వెళ్ళాడా, ప్యాట్రియట్స్ వెళ్ళగొట్టారా?

రూట్128
2025 ఆగస్టులో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు న్యూ ఇంగ్లండ్ ప్యాట్రియట్స్ తమ జిలెట్ స్టేడియం దగ్గర పాత క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) టామ్ బ్రేడీ కంచు విగ్రహం పెట్టారు. అంతకు ముందు ఏడాది జూన్‌లో జట్టు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుని, 12వ నంబరు జెర్సీ ఇంకెవరికీ ఇవ్వమని ప్రకటించారు. చాలా మంచి పని, కాదనను. కానీ 2020 మార్చిలో ఆ మనిషి చెయ్యి వదిలేసింది కూడా వీళ్ళే. మొన్న ఆష్‌ల్యాండ్ లక్ష్మీ గుడిలో ప్రసాదం లైన్లో నిలబడితే ఒకాయన "డబ్బు కోసం టాంపా జట్టుకి పోయాడండీ" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నాకు మింగుడుపడలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

2000 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, ఆరో రౌండ్, 199వ పిక్. ఎవరికీ అక్కర్లేని కుర్రాడు. ఇరవై సీజన్లు ఆడి ఆరు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్ కప్పులు) తెచ్చిపెట్టాడు. 2013లో బయట ఎంతో ఎక్కువ పలుకుతున్నప్పుడు మూడేళ్ళ పొడిగింపుకి 27 మిలియన్ డాలర్లకే సంతకం పెట్టాడు. అలా క్యాప్‌లో, అంటే జట్టు జీతాల పరిమితిలో, మిగిలిన డబ్బుతోనే కదా వీళ్ళు డిఫెన్స్ కట్టుకుంది? తీరా 42 ఏళ్ళొచ్చాక ఇంకో రెండేళ్ళకి గట్టి భరోసా ఇవ్వడానికి చేతులు రాలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. డబ్బు కోసం పోయేవాడైతే 2013లోనే పోయేవాడు.

నాషువా_నాయుడు
రూట్ గారూ, మీరు చెప్పిన చరిత్ర అంతా ఒప్పుకుంటాను. చివరి తీర్పు ఒప్పుకోను. 2019 ఆగస్టులో రాసుకున్న ఒప్పందం చూడండి. ఆ సీజన్‌కి 23 మిలియన్లు. 2020, 2021 కాగితం మీద ఉన్నాయి గానీ ఆ సీజన్ అయ్యాక వాటంతటవే రద్దయిపోతాయి. దాంతోపాటు ఇంకో షరతు ఉంది: జట్టు అతని మీద ఫ్రాంచైజ్ ట్యాగ్ వెయ్యకూడదు. ఈ షరతు వల్ల జట్టుకి పైసా లాభం లేదు. అది బ్రేడీ వైపు నుంచి వచ్చిందే అయ్యుండాలి. వెళ్ళడానికి దారి ఏడు నెలల ముందే వేసి పెట్టుకున్న మనిషిని వెళ్ళగొట్టారంటే ఎలాగండీ?

పైగా అతను వెళ్ళడం వల్ల 2020 క్యాప్‌లో 13.5 మిలియన్లు డెడ్ మనీ (జట్టులో లేని ఆటగాడి పేర క్యాప్‌లో పడే లెక్క) కింద పోయాయి. టాంపాలో అతని ఆట చూస్తూ ఇక్కడ మనం లెక్క కట్టుకున్నాం. ఎవరినైనా కావాలని వెళ్ళగొట్టేవాడు ఇంత నష్టం నెత్తికెత్తుకుంటాడా?

గోదారబ్బాయి
ఉండుంటే ఏడో కప్పు కూడా మన స్టేడియం ఉన్న ఫాక్స్‌బరోకే వచ్చేది. నాకు ఇంతకు మించి అక్కర్లేదు.

నాషువా_నాయుడు
రాదు తమ్ముడూ. 2020లో కోవిడ్ భయంతో మన జట్టులో ఎనిమిది మంది ఆ సీజన్ ఆడనన్నారు. హైటవర్, చంగ్, క్యానన్, అందరూ ముఖ్యులే. విసిరిన బంతి అందుకునే రిసీవర్లు లేరు, టైట్ ఎండ్ లేడు. బ్రేడీ ఉన్నా పదో, పదకొండో గెలిచి ప్లేఆఫ్స్‌లో మొదటి మ్యాచ్‌లోనే ఇంటికి. టాంపాలో మైక్ ఎవాన్స్, క్రిస్ గాడ్విన్ అప్పటికే ఉన్నారు. గ్రాంకౌస్కీని ఏప్రిల్‌లో రిటైర్మెంట్ నుంచి లాక్కెళ్ళాడు. అన్నీ అమర్చి ఉన్న ఇంట్లోకి వెళ్ళాడు.

కొత్తగా_డల్లాస్
నేను ఈ ఆట ఇప్పుడిప్పుడే చూస్తున్నానండి. ఫ్రాంచైజ్ ట్యాగ్ అంటే ఏమిటి?

మెడ్‌ఫర్డ్_లక్ష్మి
కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాణ్ణి బయటికి పోనివ్వకుండా జట్టు వాడుకునే హక్కు. ఏడాదికి ఒక్కరి మీదే వాడొచ్చు. ఆ స్థానంలో ఎక్కువ జీతాలు తీసుకునేవాళ్ళ లెక్క కట్టి ఒక్క ఏడాది జీతం ఇస్తారు. ఆటగాడికి ఇష్టం ఉన్నా లేకపోయినా ఇంకో జట్టుతో స్వేచ్ఛగా బేరం ఆడుకునే అవకాశం పోతుంది.

రూట్128
లక్ష్మి గారూ, బాగా చెప్పారు. ఇప్పుడు నాయుడు గారు ఈ సంగతికి జవాబు చెప్పాలి. 2020 మార్చి 16న అదే ట్యాగ్‌ని ప్యాట్రియట్స్ ఎవరి మీద వేశారు? జో తూనీ మీద. గార్డ్, క్వార్టర్‌బ్యాక్‌కి అడ్డు నిలబడేవాడు. దాదాపు 14.8 మిలియన్లు. దానికి ముందు రోజు డెవిన్ మెకోర్టీకి రెండేళ్ళకి 23 మిలియన్లు ఇచ్చారు. ఇద్దరూ మంచి ఆటగాళ్ళే, నేను వాళ్ళని తప్పు పట్టను. కానీ క్యాప్‌లో చోటు లేదన్న మాట మాత్రం ఇక నా దగ్గర అనకండి. చోటు ఉంది. ఆ చోటు బ్రేడీ కోసం కాదు.

రిసీవర్లు లేరు, టైట్ ఎండ్ లేడు అంటున్నారు. ఎవరు లేకుండా చేశారండీ? 2019 డ్రాఫ్ట్‌లో 32వ పిక్‌లో ఎన్‌కీల్ హ్యారీని తీసుకున్నారు. అప్పటికి డీబో శామ్యూల్ ఉన్నాడు, 36లో పోయాడు. ఎ.జె. బ్రౌన్ ఉన్నాడు, 51లో పోయాడు. డీకే మెట్‌కాఫ్ 64 దాకా మిగిలే ఉన్నాడు. హ్యారీ ఆ సీజన్లో పట్టినవి 12 బంతులు, 105 గజాలు. మూడేళ్ళ తర్వాత ఏడో రౌండ్ పిక్‌కి షికాగోకి ఇచ్చేశారు. మనిషి చేతిలో పనిముట్లు తీసేసి, పని సరిగ్గా చెయ్యట్లేదు, వయసైపోయింది అన్నారు. వెళ్ళగొట్టడం అంటే మెడ పట్టి గెంటడం ఒక్కటే కాదు.

మెడ్‌ఫర్డ్_లక్ష్మి
2020 జనవరి 4 రాత్రి నేను స్టేడియంలో ఉన్నాను. టెనసీ టైటన్స్‌తో వైల్డ్ కార్డ్ మ్యాచ్. ముసురు పట్టి మంచులా కమ్మేసింది, పై వరసల్లోంచి అవతలి ఎండ్ జోన్ సరిగ్గా కనబడలేదు. రెండో క్వార్టర్‌లో గోల్ లైన్‌కి ఒక్క గజం దూరంలో మూడుసార్లు ప్రయత్నించీ లోపలికి పోలేక ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్నారు. మ్యాచ్ అక్కడే పోయిందని నా అభిప్రాయం. డెరిక్ హెన్రీ 182 గజాలు పరిగెత్తాడు, అతన్ని పట్టుకునేవాళ్ళు లేరు. ఆఖరులో 14-13 ఉండగా వాళ్ళ పంటర్ కొట్టిన బంతి మన ఒక్క గజం గీత దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి బ్రేడీ విసిరింది మన రిసీవర్ సానూ చేతికి తగిలి పైకి లేచి లోగన్ రయన్ చేతుల్లో పడింది. తొమ్మిది గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అదే పిక్-సిక్స్, 20-13. రయన్ మన దగ్గర ఆడి పోయినవాడే. వాళ్ళ అప్పటి కోచ్ వ్రేబెల్ కూడా మన దగ్గర ఆడినవాడే.

నేను చెప్పదలుచుకున్నది ఇది. నా చుట్టూ ఎవరూ "వచ్చే ఏడాది చూద్దాం" అనలేదు. అతను వెళ్ళిపోతాడని జనానికి అప్పటికే తెలుసు. బ్రూక్‌లైన్‌లో ఇల్లు అమ్మకానికి పెట్టింది 2019 ఆగస్టులోనే. ఒప్పందం మార్చుకున్న నెలే అది. ఎవరు ఎవరిని వెళ్ళగొట్టారని ఇప్పుడు తగువెందుకు? రెండు వైపులా మనసు విరిగి అప్పటికే చాలా కాలమైంది.

రూట్128
ఇల్లు అమ్మకానికి పెట్టాడంటే ఉండనివ్వరని అర్థమైంది కాబట్టి పెట్టాడు. ఏడాది మాత్రమే భరోసా ఉన్నవాడు ఇంకేం చేస్తాడు?

నాషువా_నాయుడు
లేదంటే ఉండాలని లేదు కాబట్టి పెట్టాడు. ట్యాగ్ వెయ్యొద్దన్న షరతు, ఇల్లు అమ్మకం, రెండూ ఒకే నెల. నేను ఊహించి చెప్పట్లేదు, వరసలో పెట్టి చూస్తున్నాను.

రూట్128
వరసలో పెట్టేటప్పుడు తూనీ ట్యాగ్ కూడా పెట్టండి.

ఇండీ_కృష్ణ
ప్యాట్రియట్స్ వాళ్ళ గొడవలో ఇండియానాపొలిస్ నుంచి తలదూరుస్తున్నాను, క్షమించాలి. మా కోల్ట్స్ 2012 మార్చిలో పేటన్ మానింగ్‌ని విడుదల చేశారు. మెడకి సర్జరీలు, 2011 మొత్తం ఆడలేదు, మేం 2 గెలుపులు, 14 ఓటములతో అట్టడుగున ఉన్నాం. అతన్ని ఉంచుకోవాలంటే వెంటనే 28 మిలియన్ల బోనస్ ఇవ్వాలి. ఇంకోపక్క మొదటి పిక్ మాదే, ఆండ్రూ లక్ సిద్ధంగా ఉన్నాడు. ఆ ప్రెస్ మీట్‌లో యజమాని, మానింగ్ ఇద్దరూ గొంతు పూడుకుపోయి మాట్లాడారు. ఊరంతా ఏడ్చింది. మానింగ్ డెన్వర్ వెళ్ళి సూపర్ బౌల్ 50 గెలిచాడు. అయినా ఇక్కడ ఎవరూ అతన్ని తిట్టలేదు, జట్టునీ తిట్టలేదు. ఎందుకంటే లెక్క అందరికీ కనబడింది.

ఫార్టీనైనర్స్ 1993లో మాంటానాని క్యాన్సస్ సిటీకి పంపినప్పుడు స్టీవ్ యంగ్ ఉన్నాడు, 1994 సీజన్‌లోనే కప్పు కొట్టాడు. గ్రీన్ బే 2008లో ఫావ్‌ని జెట్స్‌కి ఇచ్చినప్పుడు రాడ్జర్స్ మూడేళ్ళుగా కూర్చుని ఉన్నాడు. ముసలి క్వార్టర్‌బ్యాక్‌ని పంపడం పాపం కాదు. వెనక ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న. మీ దగ్గర వెనక ఎవరున్నారు? 2019 నాలుగో రౌండ్‌లో తీసుకున్న స్టిడమ్. బ్రేడీ వెనక ఉన్న క్వార్టర్‌బ్యాక్ గరాపలోని 2017 అక్టోబర్‌లోనే రెండో రౌండ్ పిక్‌కి పంపేశారు. బ్రేడీని ఉంచుకోవాలనుకుంటే గరాపలోని పంపాలి, సరే. పంపాక మరి బ్రేడీని ఉంచుకోవాలి కదా. వీళ్ళు ఇద్దరినీ పోగొట్టుకున్నారు. బయటివాడిగా నాకు ఇది తప్ప వేరే తప్పు కనబడదు.

వరంగల్_ఆరెంజ్
అన్నా, గిదంతా చూస్తే నాకు వార్నర్ యాదికొస్తుండు. 2016ల హైదరాబాద్‌కు కప్పు తెచ్చిండు. 2021ల సీజన్ నడుమ కెప్టెన్సీ గుంజుకున్నరు, ఆఖరికి టీమ్‌ల కూడా ఆడనియ్యలే. రెండు నెలలు తిరగకముందే టీ20 ప్రపంచకప్‌ల ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయిండు. ఫామ్ పోయిందని పక్కన పెడ్తే ఒప్పుకుంట. మర్యాద ఎందుకు తీసిన్రు? నా కడుపుమంట గదే.

నాషువా_నాయుడు
వార్నర్‌కి జరిగింది అవమానమే, నాకూ బాధే. కానీ ఇక్కడ అలా జరగలేదు. బ్రేడీని ఎవరూ బెంచి మీద కూర్చోబెట్టలేదు. మార్చి 16 రాత్రి అతనే యజమాని రాబర్ట్ క్రాఫ్ట్ ఇంటికి వెళ్ళి, వెళ్ళిపోతున్నానని చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ప్రకటించాడు.

కృష్ణ గారి ప్రశ్న మంచిది, దానికి నా దగ్గర ఇంకో ప్రశ్న ఉంది. అసలు బ్రేడీ ఎలా వచ్చాడు? 2001 మార్చిలో డ్రూ బ్లెడ్సో పదేళ్ళకి 103 మిలియన్ల కాంట్రాక్ట్ చేశాడు. సెప్టెంబర్‌లో జెట్స్ మ్యాచ్‌లో మో లూయిస్ గుద్దుకి ఛాతీలో రక్తస్రావమై ఆస్పత్రి పాలయ్యాడు. కోలుకుని తిరిగొచ్చాడు. ఈ జట్టుని కిందనుంచి పైకి తెచ్చినవాడు, క్రాఫ్ట్‌కి కొడుకులాంటివాడు. అయినా కోచ్ బెలిచిక్ ఆరో రౌండ్ కుర్రాడితోనే ముందుకు వెళ్ళాడు. తర్వాతి ఏప్రిల్‌లో బ్లెడ్సోని బఫెలోకి అమ్మేశాడు. ఆ రోజు విశ్వాసం, చేసిన సేవ, కృతజ్ఞత అని కూర్చుని ఉంటే మనకి బ్రేడీనే లేడు. 2003లో సీజన్ మొదలయ్యే వారం లాయర్ మిలోయ్‌ని తీసేశాడు, మొదటి మ్యాచ్‌లో 31-0తో చిత్తుగా ఓడాం, ఆ ఏడాదే కప్పు కొట్టాం. 2009లో సీమోర్‌ని ఓక్లండ్‌కి ఇచ్చాడు, ఆ పిక్‌తో సోల్డర్ వచ్చాడు. ఈ కత్తి ఇరవై ఏళ్ళు ఇతరుల మీద పడుతుంటే మనందరం మెచ్చుకున్నాం. బ్రేడీ దగ్గరికి వచ్చేసరికి అన్యాయం అయిపోయిందా?

రూట్128
అయింది. ఎందుకో చెప్తాను. బ్లెడ్సోని తీసినప్పుడు అతనికన్నా మెరుగైనవాడు కళ్ళముందు గెలుస్తున్నాడు. 2020లో ఎవరున్నారు? జూన్ చివరి దాకా ఆగి, 1.05 మిలియన్ల మూల వేతనానికి క్యామ్ న్యూటన్‌ని తెచ్చుకున్నారు. భుజం, పాదం రెండూ దెబ్బతిని ఎవరూ తీసుకోని మనిషిని. 7-9. తర్వాత 10-7, 8-9, 4-13. నాలుగు సీజన్లకి 29 గెలుపులు, 38 ఓటములు. 2024 జనవరిలో బెలిచిక్ కూడా వెళ్ళిపోయాడు. అవతల బ్రేడీ మొదటి ఏడాదే సొంత మైదానంలో చీఫ్స్‌ని 31-9తో ఓడించి, 43 ఏళ్ళకి సూపర్ బౌల్ ఎంవీపీ. ఇంకేం రుజువు కావాలండీ?

నాషువా_నాయుడు
ఫలితం చూసి తీర్పు చెప్పడం తేలిక. ఆ మార్చిలో ఏం తెలుసో అది చెప్పండి. 2019లో బ్రేడీ పాసుల శాతం 60.8. టచ్‌డౌన్లు 24. సీజన్ 8-0తో మొదలై, ఆఖరి మ్యాచ్‌లో సొంతగడ్డ మీద మయామీ చేతిలో 27-24తో ఓడి బై (ప్లేఆఫ్స్ మొదటి రౌండ్ ఆడక్కర్లేని వెసులుబాటు) పోగొట్టుకున్నాం. లీగ్‌లో అందరికన్నా తక్కువ, 225 పాయింట్లు మాత్రమే ఇచ్చిన డిఫెన్స్‌ని పెట్టుకుని. 43 ఏళ్ళ క్వార్టర్‌బ్యాక్ సూపర్ బౌల్ గెలవడం అప్పటిదాకా ఎక్కడా జరగలేదు. రెండేళ్ళు గ్యారంటీ ఇచ్చి, అతని చెయ్యి అక్టోబర్‌లో పడిపోతే మీరే ఇక్కడ "ముసలాయన్ని పట్టుకుని వేళ్ళాడారు" అని రాసేవారు.

యజమాని కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది. నా రెస్టారెంట్‌లో ఒక బిర్యానీ మాస్టర్ ఉండేవాడు. నేను షాపు తెరిచిన రోజు నుంచీ ఉన్నాడు. మోకాళ్ళు అరిగి పెద్ద డేగిసాలు దించలేకపోతుంటే, మధ్యాహ్నం బఫే నువ్వు చూసుకో, సాయంత్రం దమ్ పని కుర్రాడు చూస్తాడు అన్నాను. జీతంలో డాలర్ తగ్గించలేదు. ముఖం మాడ్చుకున్నాడు. నెలకి ఎదురు ప్లాజాలో కొత్తగా తెరిచినవాళ్ళ దగ్గర చేరాడు. వారాంతం పార్టీ ఆర్డర్లు సగం అతని వెనకే పోయాయి. అమ్మాయి కాలేజీ ఫీజుకి అడ్వాన్సు ఇచ్చింది నేను, పండక్కి ఇంటికి పిలిచి బట్టలు పెట్టింది నేను. ఇప్పుడు ఊళ్ళో మాట ఏమిటంటే నాయుడు వెళ్ళగొట్టాడని. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది, అందుకే మీ శీర్షిక చూడగానే రాశాను.

రూట్128
అతన్ని అడిగారా? దమ్ పని వదిలేస్తావా అని అడిగారా, లేక వదిలెయ్యమని చెప్పారా?

నాయుడు గారూ, నా సంగతీ చెప్తాను వినండి. మా పిల్లలు పుట్టకముందు చేరిన కంపెనీ. తొమ్మిదింటికి క్యాలెండర్‌లో పదిహేను నిమిషాల మీటింగ్ వచ్చింది. నేనెప్పుడూ చూడని హెచ్ఆర్ అమ్మాయి కాగితం చూసి చదివింది. ఆమె చదవడం అయ్యేలోపే ల్యాప్‌టాప్ లాక్ అయిపోయింది. నేను కూర్చోబెట్టి పని నేర్పిన కుర్రాడు నా పని తీసుకున్నాడు. మా మేనేజర్ తర్వాత ఫోన్ చేసి చెప్పిందీ మీరు చెప్తున్నదే: "ఇందులో సొంత కోపాలేం లేవు, లెక్క అలా వచ్చింది." ఆ లెక్క ఎప్పుడూ కుర్చీలో కూర్చున్నవాడికి అనుకూలంగానే ఎందుకు వస్తుందో ఒక్క యజమాని నాకు చెప్పలేదు. మీరూ చెప్పలేరు. మీలాంటివాళ్ళే మోకాళ్ళు అరిగేదాకా వాడుకుని...

నాషువా_నాయుడు
ఆపండి. నన్ను మీ హెచ్ఆర్‌తో కలపకండి. కోవిడ్‌లో షాపు మూతపడితే నా జేబులోంచి జీతాలిచ్చాను, అందులో ఆ మాస్టర్ జీతం మొదటిది. మీకు జరిగింది దారుణమే, దానికి నేను బాధపడతాను. కానీ మీ కంపెనీ మీద కోపం తెచ్చి నా మీదా, బెలిచిక్ మీదా పొయ్యడం న్యాయం కాదు. బ్రేడీ రోడ్డున పడలేదు. మూడు రోజుల్లో టాంపాతో రెండేళ్ళకి 50 మిలియన్లకి సంతకం పెట్టాడు. మీ పక్కన అతన్ని నిలబెడితే మీ కష్టమే చిన్నదైపోతుంది.

మోడరేటర్
ఇద్దరూ కాస్త నెమ్మది. ఎదుటివాళ్ళ ఉద్యోగం, వ్యాపారం జోలికి పోవద్దు. మళ్ళీ ఇలాగే అయితే ఈ చర్చ మూసేస్తాం.

గోదారబ్బాయి
ఇద్దరూ పెద్దవాళ్ళు. వదిలెయ్యండి సార్.

మెడ్‌ఫర్డ్_లక్ష్మి
మూసెయ్యకండి, ఇప్పుడే అసలు సంగతి బయటికి వస్తోంది.

నాయుడు గారూ, మీ మాస్టర్ వెళ్తానన్న రోజు మీరు "వద్దు, ఉండు" అన్నారా? రూట్ గారూ, మీ కంపెనీ మళ్ళీ పిలిస్తే మీరు వెళ్తారా? నాకు జవాబు అక్కర్లేదు. క్రాఫ్ట్ ఇంట్లో ఆ రాత్రి కూడా ఇదే జరిగిందని నాకు అనిపిస్తుంది. క్రాఫ్ట్ మూటలు పెట్టి మరీ ఆపలేదు. జట్టు పని బెలిచిక్‌కి అప్పజెప్పాడు, అందులో వేలు పెట్టలేదు. బ్రేడీ "నన్ను ఉంచండి" అని అడగలేదు. ఇరవై ఏళ్ళు చేసినవాడు అడిగి ఉండాలా, లేక అతను అడక్కముందే వాళ్ళు చెప్పాలా? రూట్ గారు వాళ్ళే చెప్పాలంటారు. నాయుడు గారు కావాలంటే అడగొచ్చుగా అంటారు. తూనీ ట్యాగ్, డెడ్ మనీ, పాసుల శాతం, ఇవన్నీ దాని చుట్టూ తిరిగేవే. నావరకు నేను రూట్ గారి వైపే. ఇన్నేళ్ళు చేసినవాడి చేత అడిగించుకోకూడదు. కానీ ఇలా ఎవరూ నోరు విప్పక మౌనంగా విడిపోయిన ఇళ్ళు మన దగ్గర తక్కువేం కాదు.

వరంగల్_ఆరెంజ్
అక్క మంచిగ చెప్పింది.

ఇండీ_కృష్ణ
మా దగ్గర యజమాని మైక్ ముందుకొచ్చి మానింగ్ పక్కన నిలబడి చెప్పాడు. బెలిచిక్ రాతపూర్వకంగా ఒక ప్రకటన విడుదల చేశాడు. మంచి మాటలే, పొగడ్తలే. కానీ పక్కన నిలబడలేదు. ఆ తేడా చిన్నది కాదు.

నాషువా_నాయుడు
లక్ష్మి గారూ, "ఉండు" అనలేదు. అతను అప్పటికే మాట ఇచ్చేసి వచ్చాడు, ఇక నేను అని ఏం లాభం?

నా మనసులో మాట చెప్తాను. నాకు బెలిచిక్ చుట్టం కాదు. 2018 ఫిబ్రవరిలో ఈగిల్స్ చేతిలో 41-33తో ఓడిన రోజు, బ్రేడీ 505 గజాలు విసిరినా డిఫెన్స్ ఆటగాడు బట్లర్‌ని బెంచి మీదే ఉంచాడని నేను తిట్టినంత ఎవరూ తిట్టి ఉండరు. కానీ జట్టు ఇక్కడే ఉంటుంది. నేనూ ఇక్కడే ఉంటాను. బెలిచిక్ తప్పు చేశాడు, హ్యారీ పనికిరాలేదు, అంతా ఒప్పుకుంటా. దానికి విరుగుడు వెళ్ళిపోవడమా? కష్టకాలంలో ఉండి, కుర్రాణ్ణి తయారుచేసి ఇచ్చి వెళ్ళినవాడు నా దృష్టిలో ఇంకా పెద్దవాడు. అతను మనల్ని 4-13కి వదిలేసి పోయాడని నాకు కోపం. అవును, కోపమే. మా అబ్బాయి గదిలో ఇప్పటికీ పన్నెండో నంబరు జెర్సీ ఉంది. అది ప్యాట్రియట్స్ జెర్సీ. టాంపాది ఎప్పుడూ కొననివ్వలేదు.

రూట్128
ఇదీ మాట. మొదటి రోజే ఇది చెప్పుంటే ఆ షరతుల గొడవ అంతా ఉండేది కాదు.

కుర్రాణ్ణి తయారుచేసి ఇవ్వాలంటున్నారు. ఎందుకివ్వాలి? తన స్థానం లాక్కోబోయేవాడికి తనే పాఠం చెప్పాలా? నేను చెప్పాను. ఏం మిగిలిందో పైన రాశాను. 42 ఏళ్ళకి ఇంకా ఆడగలనని ఒంట్లో తెలుస్తున్నవాణ్ణి, నీ టైం అయిపోయిందని ఇంకొకరు నిర్ణయించడం ఎలా ఉంటుందో మీకు తెలియదు. తెలియకూడదనే కోరుకుంటాను. అతను వెళ్ళి గెలిచి చూపించాడు. నాకు అది చాలు. టాంపా కప్పు ఎత్తిన రాత్రి నేను ఇంట్లో అరిచిన అరుపుకి మా ఆవిడ కిందకి పరిగెత్తుకొచ్చింది.

నాషువా_నాయుడు
అయితే ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పండి. 2021 అక్టోబర్ 3. బ్రేడీ టాంపా జెర్సీలో ఫాక్స్‌బరో వచ్చాడు. నేను వెళ్ళాను. జోరువాన. అతను మైదానంలోకి వచ్చినప్పుడు నిలబడి చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాను. ఆట మొదలయ్యాక ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్‌ని అరిచినట్టే అతన్నీ అరిచాను. చివర్లో టాంపా 19, మనం 17. మన కిక్కర్ నిక్ ఫోక్ 56 గజాల నుంచి ఫీల్డ్ గోల్‌కి కొట్టాడు. స్తంభానికి తగిలి బయటపడింది. నా పక్కన ఎవరో తెలియనాయన, ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని అలాగే ఉండిపోయాం. ఆ బంతి గాల్లో ఉన్నప్పుడు మీరు ఏం కోరుకున్నారు?

రూట్128
బయటికి పోవాలనే కోరుకున్నాను.

ఇందులో దాచుకోవడానికేం లేదు. నేను ఆదివారాలు టీవీ పెట్టింది బ్రేడీ కోసం, లోగో కోసం కాదు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఇంగ్లిష్ సరిగ్గా రాక ఆఫీసులో నోరు మెదపని రోజుల్లో, సోమవారం పొద్దున ఎవరితోనైనా మాట కలపడానికి నాకు దొరికిన ఒకే ఒక్క విషయం అతను. ప్యాట్రియట్స్ అతన్ని వద్దనుకున్న రోజు నన్నూ వద్దనుకున్నట్టే. మీరు జట్టుతో ఉండండి, తప్పులేదు. నేను మాత్రం అతనితోనే వెళ్ళాను.

ఇక తూనీ ట్యాగ్ సంగతికి మీరు ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు. 14.8 మిలియన్లు. గార్డ్‌కి.